చెరువు చందా: ఎవరి డబ్బు, ఏ పనికి

రబీ కోతలు మొదలయ్యే నాటికి మన సంఘం శాఖల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఊరి చెరువు పూడిక తీసుకోవాలని, వాగు గట్టు కోసుకుపోకుండా కాపాడుకోవాలని, పంట కాలువ బాగు చేసుకోవాలని రైతులు కమిటీలు వేసుకుంటున్నారు. డబ్బు కోసం బండలాగుడు పోటీలు, కబడ్డీ టోర్నమెంట్లు, పద్యనాటకాలు, ముగ్గుల పోటీలు పెడుతున్నారు. జాతర రోజు గుడి ముందు చెరువు పేరుతో హుండీ పెడుతున్న ఊళ్లూ ఉన్నాయి. ఇందులో సంఘం కలవాలా? కలిస్తే చందా పుస్తకం మీద సంఘం పేరు వేయించుకోవచ్చా? ఒక శాఖ ఇంకా సూటిగా అడిగింది: వాగులో ఇసుక తోలే కాంట్రాక్టరు పందిరి ఖర్చూ, ఎడ్లకు పెట్టే మొదటి బహుమతీ తానే భరిస్తానంటున్నాడు, తీసుకోమంటారా?

ఆఖరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాం. తీసుకోవద్దు. ఎందుకో కింద రాస్తాం.

మిగతా ప్రశ్నలకు అంత తేలిగ్గా జవాబు చెప్పలేం. మన సంఘంలోనే దీని మీద రెండు మాటలున్నాయి. చెరువు ప్రభుత్వ ఆస్తి, నీటి తీరువా కట్టించుకున్నది ప్రభుత్వం, ఇప్పుడు మరమ్మతుకు రైతు జేబులో చేయి పెట్టడమేమిటి, మనం చందాలు ఎత్తడం మొదలెడితే పాలకులు హాయిగా చేతులు దులుపుకుంటారు అనేది ఒకటి. మెమొరాండాలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయాం, ఈ ఎండాకాలం తూము బాగు కాకపోతే వచ్చే ఖరీఫ్‌లో చివరి ఎకరాలు ఎండిపోతాయి, ఇంజనీరు వచ్చేదాకా వాన ఆగుతుందా అనేది రెండోది. మొదటి మాట చెప్పేవాళ్లు ఎక్కువగా జిల్లా కమిటీల్లో, రెండో మాట చెప్పేవాళ్లు ఎక్కువగా ఆయకట్టు చివర పొలాల్లో ఉన్నారు. కాబట్టి రెండో మాటను కొట్టిపారేసే హక్కు మాకు లేదు. అలాగని మొదటి మాటలో ఉన్న న్యాయాన్ని వదులుకోవడం కూడా కుదరదు.

చెరువుకు ఊరు ఖర్చు పెట్టుకోవడం మన ప్రాంతంలో కొత్త విషయం కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పని చేస్తే ఆ కట్ట లేచిందని అందులో చెక్కారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా రాయి మీద రాసి పెట్టారు. ఆ రోజుల్లో చెరువు తవ్వించినవాడికి, బాగు చేయించినవాడికి ఆయకట్టులో కొంత భూమి దశబంధం కింద దక్కేది. దాని ఫలసాయంతో ఏటేటా కట్ట చూసుకోవాలి. నీరు పారించే నీరుగంటికి పంటలో వాటా ఉండేది. ఇదంతా స్వర్ణయుగమని మేము అనడం లేదు. ఆ వెయ్యి మంది కూలీల్లో ఎవరికెంత కూలి ముట్టిందో శాసనం చూసి తెలుసుకోలేం. నీరుగంటి కులమేదో, ఆయన గుడిసె ఊరికి ఏ దిక్కున ఉండేదో మాత్రం అందరికీ తెలుసు. అయినా ఒక సంగతి గమనించాలి. మరమ్మతు బాధ్యత మోసినవాడికి దానికి తగ్గ ఆదాయమో, హక్కో జతగా ఉండేది.

కంపెనీ పాలనలో ఈ లంకె తెగింది. ఇనాములు రద్దయ్యాయి, లేదా వాటి మీద పన్ను పడింది. శిస్తు మాత్రం పైసాతో సహా వసూలైంది. ఊరివాళ్లు తమంతట తాము చేసుకునే చిల్లర మరమ్మతు, అంటే కుడిమరామత్తు, ఆగిపోయేసరికి రైతులకు సోమరితనం వచ్చిందని అధికారులు తేల్చారు. మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చింది. ఆదాయం సర్కారుకు, పార పట్టుకోవడం రైతుకు! మన మొదటి పక్షంవాళ్ల భయం వెనుక ఉన్నది ఈ చరిత్రే.

స్వాతంత్ర్యం తర్వాత కూడా చెరువు బతుకు పెద్దగా మారలేదు. పెద్ద ప్రాజెక్టులకు వచ్చిన నిధుల్లో చెరువులకు దక్కింది కొసరే. వంద ఎకరాల లోపు ఆయకట్టు ఉన్నవి చాలాకాలం పంచాయతీరాజ్ కింద, ఆపైవి నీటిపారుదల శాఖ కింద ఉంటూ ఎవరికీ పట్టనివయ్యాయి. బోర్లు వచ్చాక మోతుబరులకు చెరువుతో పని తగ్గింది. ఉమ్మడి రాష్ట్రంలో చెరువుల కింద సాగయ్యే భూమి యాభై ఏళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. 1997లో రైతుల చేతికే నీటి యాజమాన్యం అంటూ చట్టం చేసి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. అదే సమయంలో నీటి తీరువాను మూడు రెట్లకు పైగా పెంచారు. పెంచిన డబ్బు తిరిగి చెరువుకే వస్తుందన్నారు. సంఘాలకు ఏళ్ల తరబడి ఎన్నికలు లేకుండా పోయాయి, డబ్బు సంగతి మనకు తెలిసిందే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఈ నిర్లక్ష్యానికి కొంత అడ్డుకట్ట వేసింది. 46 వేలకు పైగా చెరువులను బాగు చేస్తామని లెక్క కట్టారు. తవ్వకం ఖర్చు ప్రభుత్వానిది, ఒండ్రు పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఈ పంపకం న్యాయమైనదే, ఎందుకంటే ఒండ్రు లాభం ఆ రైతు పొలంలోనే కనిపిస్తుంది. అక్కడ కూడా అంచనాలు పెంచి బిల్లులు లేపుకున్న కాంట్రాక్టర్ల మీద ఫిర్యాదులు వచ్చాయి. పూడిక తీశాక ఏటేటా చూసుకునేది ఎవరన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

ఇక చందా దగ్గరికి వద్దాం. చందాతో ఏ పని అవుతుంది, ఏది కాదు అనేది కాగితం మీద లెక్క వేసుకోకుండా మైకు పట్టుకుంటే ఊరు నవ్వులపాలవుతుంది. ఒక మామూలు చెరువు తీసుకోండి. నీళ్లు నిండితే నలభై ఎకరాలు పరుచుకుంటుంది అనుకుందాం. అందులో ఒక్క అడుగు పూడిక తీయాలంటే 17 లక్షల 42 వేల ఘనపుటడుగుల మట్టి ఎత్తాలి. ట్రాక్టరు ట్రాలీకి వంద ఘనపుటడుగుల చొప్పున 17 వేల 400 ట్రాలీలు. తవ్వకం, తోలకం కలిపి ట్రాలీకి 300 రూపాయలే అనుకున్నా 52 లక్షలు దాటుతుంది. ఏ బండలాగుడు పోటీ మిగిల్చే డబ్బూ దీని దరిదాపుల్లోకి రాదు. అంత ఖర్చు పెట్టి తీస్తే చెరువులో అదనంగా నిలిచేది నలభై ఎకరాల విస్తీర్ణంలో అడుగు లోతు నీరు. వరికి ఎకరాకు సుమారు నాలుగు అడుగుల నీరు కావాలి కాబట్టి, ఒక నిండుకు పది ఎకరాల వరి. ఏడాదిలో రెండుసార్లు నిండితే ఇరవై. బోర్లలో నీరు పెరగడం, ఒండ్రుతో పొలం బలపడటం వేరే లాభాలు, వాటిని మేము తక్కువ చేయడం లేదు. కానీ అసలు చెరువుకు నీరు వచ్చే కాలువే మూసుకుపోయి ఉంటే అడుగు కాదు, పది అడుగులు తవ్వినా అది గుంతే అవుతుంది.

చాలా ఊళ్లలో జరుగుతున్న పొరపాటు ఇక్కడే ఉంది. జేసీబీ దిగితే ఫొటో బాగా వస్తుంది. చెరువు నడుమ నల్లమట్టి గుట్టలు కళ్లకు కనిపిస్తాయి. ఊరికి రెండు మైళ్ల ఎగువన వాగు నుంచి చెరువుకు వచ్చే ఫీడరు కాలువలో సర్కారు తుమ్మ కొట్టి, పూడిక లాగి, ఎవరో పొలంలో కలుపుకున్న ముక్కను తిరిగి కాలువలో కలిపితే ఎవరూ చూడరు. చందా డబ్బుకు తగిన పని మాత్రం అదే. తూము తలుపు మార్పించడం, అలుగు దగ్గర లేచిపోయిన రాళ్లు మళ్లీ పరిపించడం, కట్ట మీద చెట్ల వేళ్లు పెకిలించడం, కట్ట లోపలి వైపు రాతి పరుపు సరి చేయడం, చివరి మడి దాకా పిల్ల కాలువ సాగదీయడం, ఇవన్నీ లక్షా రెండు లక్షల్లో తేలే పనులు. వీటిలో ప్రతిదీ ఆ ఖరీఫ్‌లోనే ఫలితం చూపిస్తుంది. పెద్ద పూడిక పని ప్రభుత్వం చేత చేయించాల్సిందే. ఉపాధి హామీ పనుల్లో నీటి సంరక్షణకు 2005 చట్టంలోనే మొదటి స్థానం ఇచ్చారు. గ్రామసభలో తీర్మానం పెట్టి, ఆ తీర్మానం నకలు మీద సంతకం తీసుకుని, వెంటపడి చేయించుకోవాలి.

తవ్వకం గురించి ఇంకో మాట చెప్పాలి, అనుభవం ఉన్న పెద్దలకు ఇది తెలిసిందే. తూము మట్టం కన్నా కిందికి తవ్వితే ఆ నీరు తూములోంచి పొలానికి రాదు. పశువులకు, భూగర్భ జలానికి పనికొస్తుంది, అంతే. ఒండ్రు పొర దాటి మొరం తగిలేదాకా తవ్వితే నీరు నిలవదు, ఇంకిపోతుంది. కట్ట అడుగున గుంతలు పెడితే కట్టకే ముప్పు. మొరం తగిలినా ఆపకుండా, అదీ రాత్రిళ్లు తవ్వుతున్నారంటే అక్కడ జరుగుతున్నది పూడికతీత కాదు, రోడ్డు పనికో వెంచరుకో గ్రావెల్ వ్యాపారం. కమిటీ పేరు అడ్డం పెట్టుకుని అలాంటి వ్యాపారం జరిగిన చోట్లు మన దృష్టికి వచ్చాయి. రసీదు పుస్తకం మీద సంఘం పేరు ఉండి ఉంటే మచ్చ మనకే అంటేది.

చందా మీద ఇంత జాగ్రత్త ఎందుకు చెబుతున్నామో గుజరాత్ అనుభవం చూస్తే అర్థమవుతుంది. సౌరాష్ట్ర మన రాయలసీమ లాంటి ప్రాంతం. 1985 నుంచి 1987 దాకా వరుస కరువులు వచ్చాక అక్కడి రైతులు పొలంలో పారే వాన నీటిని మళ్లించి తమ బావుల్లోకే దింపడం మొదలెట్టారు. ఒకరిని చూసి ఒకరు చేశారు. తర్వాత వాగుల మీద చెక్‌డ్యాములు వచ్చాయి. భావనగర్ ప్రాంతంలోని ఖోపాలా అనే ఊరివాళ్లు చాలామంది సూరత్‌లో వజ్రాల పనిలో స్థిరపడ్డారు. వారిలో ఒకరైన మథుర్ సవానీ, తోటి ఊరివాళ్లు కలిసి సొంత ఊరి వాగుల మీద వందల సంఖ్యలో చిన్న కట్టలు కట్టించారు. ఊళ్లో ఉన్నవాళ్లు శ్రమ పెట్టారు, సూరత్‌లో ఉన్నవాళ్లు డబ్బు పెట్టారు. బావుల్లో నీరు పైకి వచ్చింది. అది చూసి చుట్టుపక్కల ఊళ్లు లేచాయి. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఊరి గుడికి గాలిగోపురం కట్టించే ముందు ఈ కథ ఒకసారి వింటే బాగుండును.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 2000 సంవత్సరంలో గుజరాత్ ప్రభుత్వం దాన్ని పథకంగా మార్చింది. చెక్‌డ్యాము ఖర్చులో 60 శాతం ప్రభుత్వం, 40 శాతం ఊరు. వేల చెక్‌డ్యాములు లేచాయి. వాటితో మేలు జరిగిందనడంలో సందేహం లేదు. అయితే ఆ 40 శాతం చాలాచోట్ల ఊరి జేబులోంచి రాలేదని, కాంట్రాక్టరే ఊరి వాటా కట్టినట్టు కాగితాల్లో చూపించి అంచనాలోనో సిమెంటులోనో రాబట్టుకున్నాడని విమర్శలు వచ్చాయి. ఎవరి వాటా వాళ్లు కట్టిన చోట కట్టను ఊరు కాపలా కాసింది. ఎవరో కట్టిన చోట కట్ట బీటలిస్తే అడిగే నాథుడు లేడు. చందా అంటే కేవలం డబ్బు సమకూర్చడం కాదని ఇక్కడే తెలుస్తుంది. వంద రూపాయలిచ్చిన రైతు పని జరిగేటప్పుడు గట్టు మీద నిలబడి సిమెంటు పాలు ఎంత కలుపుతున్నారో చూస్తాడు. కాంట్రాక్టరు యాభై వేలిస్తే, ఆ చూసే కళ్లన్నీ మూసుకోవాల్సి వస్తుంది.

పంజాబ్‌లోది ఇంకో రకం పాఠం. 160 కిలోమీటర్ల కాలీ బేన్ అనే చిన్న నది ఊళ్ల మురుగుతో, గుర్రపుడెక్కతో నిండిపోతే 2000 సంవత్సరంలో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సాధువు జనాన్ని కూడగట్టి శుభ్రం చేయడానికి దిగారు. జనం శ్రమదానం చేశారు, ఊళ్ల నుంచి రొట్టెలు వచ్చాయి, చందాలు వచ్చాయి. ఏళ్ల తరబడి సాగింది. నీరు మళ్లీ పారింది. రాష్ట్రపతిగా ఉండగా అబ్దుల్ కలాం వెళ్లి చూసి వచ్చారు. కానీ ఊళ్ల, పట్టణాల మురుగును నదిలోకి వదలకుండా ఆపడం శ్రమదానంతో అయ్యే పని కాదు. దానికి మున్సిపాలిటీలు శుద్ధి ప్లాంట్లు కట్టాలి, కాలుష్య నియంత్రణ మండలి కదలాలి. సీచేవాల్, ఆయన వెంట ఉన్నవాళ్లు చేతుల్లో పార పట్టుకుంటూనే అధికారులను నిలదీస్తూ వచ్చారు. జనం ముందుగా ఒంట్లో శ్రమ, జేబులో డబ్బు పెట్టారు కాబట్టి ఆ నిలదీయడానికి బరువు వచ్చింది. మన మొదటి పక్షం మిత్రులు ఈ సంగతి ఆలోచించాలని కోరుతున్నాం. చందా ఎత్తడం ప్రభుత్వాన్ని వదిలేయడం కానక్కర్లేదు. పట్టుకోవడానికి అది ఒక పిడి కాగలదు. అయితే పిడి పట్టుకునే చేయి ఎవరిదన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఇసుక కాంట్రాక్టరు సంగతి.

వాగులో ఇసుక మందంగా ఉంటే వాన నీరు అందులో నిలుస్తుంది, మెల్లగా ఇరుపక్కల బావుల్లోకి దిగుతుంది. ఇసుక తోడేస్తే వాగు లోతుగా దిగిపోయి, పక్క పొలాల కింది నీటినే లాగేస్తుంది. ఊట కాలువలు ఆగిపోతాయి, గట్లు విరిగి పొలాలు వాగులో కలుస్తాయి. వంతెనలు, ఆనకట్టల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వరాదని వాల్టా నిబంధనలు చెబుతున్నాయి. ఐదు హెక్టార్ల లోపు చిన్న క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. మన వాగుల్లో నడుస్తున్న యంత్రాలకు ఇవేవీ పట్టవు. ఆ యంత్రాల యజమాని వాగు సంరక్షణ పేరుతో పెట్టిన పోటీలకు బహుమతి ఇస్తానంటే దాన్ని దానమని ఎలా అంటాం? రేపు తహసీల్దారు ముందు మన శాఖ కార్యదర్శి ఇసుక మీద ఫిర్యాదు ఇవ్వబోతే, నిన్న ఆయన చేతుల మీదుగా ఎడ్లకు గంటలు కట్టించారు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ మాట అడిగించడానికే ఆయన ఖర్చు పెడుతున్నాడు. ఒక ట్రిప్పు ఇసుక డబ్బుతో ఊరి నోరు కొనుక్కోవడం చౌక బేరం.

చెరువు శిఖంలో ప్లాట్లు వేసిన పెద్దమనిషికీ ఇదే వర్తిస్తుంది. ఇలాంటివాళ్లే చెరువు సంరక్షణ సభలకు ముఖ్య అతిథులుగా వస్తున్నారు, శాలువాలు కప్పించుకుంటున్నారు. చెరువులు, కుంటలు కాపాడాలని 2001లో హించ్ లాల్ తివారీ కేసులో, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పుల పేర్లు మన శాఖల బాధ్యులకు నోటికి రావాలి. గ్రామసభలో, కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవి పనికొస్తాయి.

ఇక్కడే ఒక సలహా. చందాలో కొంత భాగం మట్టి పనికి కాక కాగితం పనికి పక్కన పెట్టండి. చెరువు హద్దులు, పూర్తి నీటిమట్టం గుర్తులు, పాత నక్షా, ఫీడరు కాలువ సర్వే నంబర్లు సమాచార హక్కు కింద తీసుకోవచ్చు. గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుమే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. సర్వే చేయించుకునే ఖర్చు, నకళ్ల ఖర్చు, తిరుగుడు ఖర్చు వేరు. మాటలతో తేలనప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలుగా 2011 నిబంధనల్లో పెట్టారు. వకీలు, ప్రయాణాలు కలిస్తే ఇంకా అవుతుంది. అయినా ఒక పందిరి అద్దె కన్నా ఎక్కువేమీ కాదు. హద్దురాళ్లు పాతించడానికి పెట్టిన పదివేలు కొన్నిచోట్ల పది లక్షల పూడికతీత కన్నా చెరువుకు ఎక్కువ మేలు చేస్తాయి.

చందా ఎవరి దగ్గర ఎంత తీసుకోవాలన్నది ఇంకో చిక్కు. ఎకరాకు ఇంత అని చాటింపు వేయడం తేలిక. ఆ ఎకరం దున్నుతున్నది కౌలు రైతయితే కట్టేది ఎవరు? కౌలు కట్టి, పెట్టుబడి పెట్టి, నష్టపోతే పరిహారం కూడా పట్టాదారు ఖాతాకే పోయే స్థితిలో ఉన్న మనిషి దగ్గర చెరువు చందా కూడా అడగడం అన్యాయం. చెరువు బాగుపడితే భూమి విలువ పెరిగేది పట్టాదారుకు. ఆయన పట్నంలో ఉంటే అక్కడికే రసీదు పుస్తకం పంపండి. కౌలు రైతు ఒకరోజు శ్రమ ఇస్తే చాలు, దాన్ని కూడా పుస్తకంలో డబ్బు విలువ కట్టి రాయండి. కూలీల విషయంలో మరీ జాగ్రత్త పడాలి. సెంటు భూమి లేనివారిని శ్రమదానం పేరుతో ఉచితంగా మట్టి మోయించి, ఆ నీటితో మోతుబరి రెండో పంట పండించుకుంటే అది వెట్టికి ఇంకో పేరు అవుతుంది. వాళ్లకు కూలి ఇవ్వాలి, లేదా ఉపాధి పనిగా మస్టరు రాయించాలి.

చెరువు మీద బతికేది ఆయకట్టు రైతు ఒక్కడే కాదు. మత్స్యకార సంఘం ఉంది, చాకళ్ల రేవు ఉంది, గొర్లు, బర్రెలు దిగే దారి ఉంది. కమిటీలో వీళ్లు లేకపోతే తూము ఎప్పుడు మూయాలన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. చేపలు పట్టేదాకా అడుగు నీరు ఉంచాలని వాళ్లు, ఆఖరి తడికి వదలాలని మనం. ఈ తగాదా ఎండాకాలంలో కూర్చుని మాట్లాడుకుంటే తీరుతుంది, మార్చిలో పొలం నెర్రెలిచ్చినప్పుడు తీరదు. చివరి తూము కింద భూములు చాలా ఊళ్లలో దళితులవి. కాలువ పని తల దగ్గర మొదలుపెట్టి డబ్బు అయిపోయిన చోట ఆపేయడం అలవాటు. డబ్బు అయిపోయేది ఎప్పుడూ వాళ్ల పొలాల ముందే. పని చివర నుంచి తలకు చేయండి. అప్పుడు పైవాళ్లు మిగతా డబ్బు ఎలాగోలా తెస్తారు, మాకు నమ్మకం ఉంది.

పోటీల గురించి కూడా రెండు మాటలు. బండలాగుడు పోటీ పెడితే చుట్టుపక్కల మండలాల నుంచి జనం వస్తారు, ఊరికి ఊపు వస్తుంది. రెండు పళ్ల విభాగం నుంచి సీనియర్స్ దాకా బహుమతులు, లైట్లు, మైకు, ఎడ్ల జతలతో వచ్చినవాళ్లకు భోజనాలు, అన్నీ పోగా మిగిలేది చూసుకోండి. లక్ష వసూలు చేసి తొంభై వేలు వేడుకకే ఖర్చు పెడితే దాన్ని తిరునాళ్ల అనాలి. అలాంటప్పుడు ఎడ్లనే ఒకరోజు ముందు పిలిపించి ఒండ్రు తోలించడం నయం. మహిళా సంఘాలు కొన్నిచోట్ల పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్మి పైసా వృథా కాకుండా డబ్బు చెరువు ఖాతాలో వేశాయి. నాటకం, ఒగ్గుకథ, బుర్రకథ పెట్టేవారు కళాకారులకు పూర్తి పారితోషికం ఇవ్వాలి. కళ ఉచితమని, చెరువు మంచి పని కదా అని తగ్గించమనడం మనకు తగదు.

ఇంకా పెద్ద ఇబ్బంది ఒకటుంది. మన చెరువులు గొలుసుకట్టువి. పై ఊరి చెరువు అలుగు పారితేనే కింది ఊరి చెరువు నిండుతుంది. పై ఊరు చందాలెత్తి అలుగు మట్టం జానెడు పెంచుకుంటే కింది ఊరికి నీరు రాదు. అలా రెండు ఊళ్ల కమిటీలు పోలీసు స్టేషను ఎక్కిన సందర్భాలున్నాయి. రాజస్థాన్‌లో అర్వరి నది వెంట ఉన్న 70 ఊళ్లు 1999లో కలిసి నది పార్లమెంటు పెట్టుకున్నది అందుకే. ఊరూరా జోహడ్లు కట్టుకుని ఎండిన నదిలో నీరు చూశాక, ఆ నీటిని ఎవరు ఎంత వాడాలి, ఏ పంట వేయాలి అన్న తగువులు వచ్చాయి. ప్రభుత్వం చేపల కాంట్రాక్టు బయటివాడికి ఇస్తే ఊళ్లు ఎదురు తిరిగాయి. ఊళ్లవారీగా కాక నది మొత్తంగా కూర్చుంటే తప్ప ఇవి తెమలలేదు. మన దగ్గర ఒక వాగు వెంట ఉన్న శాఖలైనా ఏడాదికోసారి కలిసి కూర్చోవచ్చు. మండలాల హద్దులు వాగుకు తెలియవు, మన కమిటీలు మాత్రం మండలాల వారీగానే ఉన్నాయి. దీని మీద రాష్ట్ర కమిటీలో చర్చ పెట్టమని కోరుతున్నాం.

లెక్కల సంగతికి వస్తే, కమిటీ పేరున బ్యాంకు ఖాతా, ముగ్గురి సంతకాలు, ఆ ముగ్గురిలో ఒకరు మహిళ, ఒకరు చివరి ఆయకట్టు రైతు ఉండాలి. ప్రతి రూపాయికి నంబరు వేసిన రసీదు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరికి ఎంత చెల్లించారో పంచాయతీ గోడ మీద రాయించాలి, ఫ్లెక్సీ మీద దాతల ఫొటోలు కాదు. ట్రాలీల లెక్క రాసే పుస్తకం పని జరిగే చోటే ఉండాలి. మిగిలిన డబ్బు, ఎంత చిన్నదైనా, వచ్చే ఏడాది తూము గ్రీజుకో, గట్టు కాపలాకో ఉంచాలి. నీరుగంటి జీతం గురించి ఏ కమిటీ రాసిన అంచనాలోనూ మాకు కనిపించలేదు. చెరువు బాగు చేసుకుంటామంటూ దాన్ని చూసుకునే మనిషికి పూట గడిచేది ఎలాగో రాయకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

ఈ షరతులకు ఒప్పుకున్న కమిటీల్లో మన శాఖలు కలవవచ్చు, రసీదు పుస్తకం మీద సంఘం పేరు వేయించుకోవచ్చు. ఒప్పుకోని చోట సభ్యులు వ్యక్తిగతంగా పని చేయడానికి అడ్డు లేదు, పేరు మాత్రం ఇవ్వవద్దు. కాంట్రాక్టరు పందిరి సంగతి అడిగిన శాఖవారు పోటీలు ఉగాదికి పెట్టుకున్నారని తెలిసింది. పందిరి లేకపోతే వేపచెట్ల కింద పెట్టుకోండి. ఆ ఊరి శిస్తు రికార్డుల్లో వాగు వెడల్పు ఎంతో, ఇప్పుడు ఎంతో కొలిచి ఒక బోర్డు మీద రాయించి గొర్రు గీసిన గిరి పక్కనే నిలబెట్టండి. జనం ఎటూ వస్తారు, చదువుతారు. వసూళ్ల లెక్క, పని అంచనా వచ్చే నెల ఇరవయ్యో తేదీలోపు మాకు పంపితే ఈ పత్రికలోనే అచ్చు వేస్తాం.